నర్స్ ప్రాక్టీషనర్ విద్యార్థులకు మానసిక ఆరోగ్య సేవ నేర్పించడం ఎలా?

వరంగల్, హనుమకొండ, కరీంనగర్ వైపు నర్సింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పే టీచర్ల కోసం, వార్డుల్లో విద్యార్థులను వెంటబెట్టుకుని తిరిగే సీనియర్ సిస్టర్ల కోసం ఇది రాస్తున్నాను. నర్స్ ప్రాక్టీషనర్ అంటే అదనపు శిక్షణతో మామూలు నర్సు కన్నా ఎక్కువ బాధ్యతలు చూసే నర్సు. మన దగ్గర ఆ చదువంటే ముఖ్యంగా రెండు దారులు. ఒకటి ప్రసూతి సేవల కోసం 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ, రెండోది ఐసీయూ కోసం రెండేళ్ల క్రిటికల్ కేర్ కోర్సు. పల్లె దవాఖానల్లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) సిస్టర్లకు ఆ పేరు లేకపోయినా పని దాదాపు అదే. వాళ్లకు శిక్షణ ఇచ్చేవాళ్లకూ ఇది పనికొస్తుంది.

మానసిక ఆరోగ్యం అనగానే మనం చేసేది సైకియాట్రీ పోస్టింగ్ వేయడం. విద్యార్థి వెళ్తుంది, స్కిజోఫ్రినియా మీద ఒక కేస్ స్టడీ, మేనియా మీద ఒక ప్రజెంటేషన్ రాస్తుంది, లాగ్‌బుక్‌లో సంతకం పడుతుంది. ఉద్యోగంలో చేరాక ఆమె ముందు కూర్చునేవాళ్లు వేరు. బీపీ గోలీల కోసం వచ్చి "నిద్ర పడ్తలేదు సిస్టర్" అనే అవ్వ, కాన్పు అయిన పదో రోజు బిడ్డ వైపు చూడని బాలింత, కాలు విరిగి ఆర్థో వార్డులో చేరి రెండో రాత్రి గోడ మీద పాములు కనబడుతున్నాయనే మేస్త్రీ, పురుగుల మందు తాగి వెంటిలేటర్ మీదికొచ్చిన కౌలు రైతు. వీళ్లెవరూ సైకియాట్రీ ఓపీ చీటీ రాయించుకోరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మానసిక సమస్యలున్నవాళ్లలో, జబ్బును బట్టి, 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. అందుకే ఈ పాఠం బీపీ చూసే బల్ల దగ్గర, గర్భిణుల క్లినిక్‌లో, ఆర్థో వార్డులో చెప్పాలి. సైకియాట్రీ వార్డు దానికి తోడుగా ఉండాలి.

1. ముందు రెఫరల్ దారి చూసుకోండి, తర్వాతే పాఠం

ప్రశ్న అడగడం నేర్పే ముందు, జవాబు వచ్చాక ఏం చేయాలో తేల్చుకోవాలి. నేనైతే దీన్ని అన్నిటికన్నా ముందు పెడతాను. "చచ్చిపోవాలనిపిస్తుంది" అని ఒక మనిషి నోరు విప్పాక విద్యార్థి బిక్కమొహం వేసి నిలబడితే, ఆ మనిషి ఇంకెవరికీ చెప్పదు.

బ్యాచ్ మొదలయ్యే ముందే కొన్ని సంగతులు మీరు స్వయంగా కనుక్కోండి. విద్యార్థులు వెళ్లే ప్రతి పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్ ఎవరు, ఫోన్‌లో దొరుకుతారా? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద డాక్టరు ఏ రోజు ఎక్కడ కూర్చుంటారు? వరంగల్ ఎంజీఎం పెద్దాస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఎన్ని గంటల దాకా ఉంటుంది, ఏటూరునాగారంలో పొద్దున బస్సెక్కిన మనిషి ఆ టైంకు అందుకోగలదా? రాత్రయితే క్యాజువాలిటీలో ఎవరికి చెప్పాలి? బస్సు సంగతి చిన్నదేం కాదు. మన దగ్గర చాలా రెఫరల్స్ చార్జీల దగ్గర, తోడు వచ్చే మనిషి దగ్గర ఆగిపోతాయి.

ఇవన్నీ చిన్న కార్డు మీద తెలుగులో రాయించి యాప్రాన్ జేబులో పెట్టించండి. మొదటి లైన్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉండాలి. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ సర్వీసు రాత్రింబవళ్లు నడుస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాక్టీస్ కోసమని మాత్రం ఆ నంబర్‌కు విద్యార్థులతో ఫోన్లు చేయించకండి. అదే నిమిషంలో నిజంగా అవసరమైన మనిషి లైన్ కోసం చూస్తూ ఉండొచ్చు.

2. పేషెంట్ మాట్లాడే మాటల్లో అడగడం నేర్పండి

పుస్తకంలో "విచారం, ఆసక్తి లోపించడం" అని ఉంటుంది. నర్సంపేట దగ్గరి పల్లెలో ఎవరూ అలా చెప్పరు. "రంది అయితుంది", "బుగులు బుగులు ఉంటుంది", "పానం నిమ్మలంగ లేదు", "బువ్వ తినబుద్ధి అయితలేదు" అంటారు. ఇంకా ఎక్కువమంది ఒంటి బాధే చెప్తారు. నెత్తి నొప్పి, కాళ్లు చేతులు గుంజుడు, గుండె దడ, గ్యాస్. అన్ని పరీక్షలూ నార్మల్ వచ్చి మళ్లీ మళ్లీ ఓపీకి వచ్చే మనిషిని చూస్తే విద్యార్థికి అనుమానం రావాలి. మొదటి వారం ఓపీలో కూర్చోబెట్టి, పేషెంట్లు తమ బాధను ఏ మాటల్లో చెప్పారో, పేర్లు లేకుండా నోట్‌బుక్‌లో రాయించండి. ఆ నోట్‌బుక్ మీ క్లాసుకు మంచి పాఠ్యపుస్తకం అవుతుంది.

తర్వాత ప్రశ్నావళి ఇవ్వండి. డిప్రెషన్‌ను పసిగట్టే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే డాక్టరు చూడాల్సిందే. తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకునే ఆలోచన గురించి. మొత్తం ఎంత వచ్చినా సరే, దానికి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా అక్కడే ఆగి మాట్లాడాలి. స్కోరు వేసేటప్పుడు పరీక్షించి ఒప్పుకున్న తెలుగు ప్రతినే వాడాలి, సొంత మాటలు కలిపితే ఆ మార్కులకు అర్థం ఉండదు. ఊరి మాటలు ముచ్చట మొదలుపెట్టడానికి, జవాబు అర్థం చేసుకోవడానికి. ఈ తేడా విద్యార్థులకు గట్టిగా చెప్పండి.

మహబూబాబాద్ తండాల్లో లంబాడీ, ములుగు అడవి ఊళ్లలో కోయ, వరంగల్ పాత బస్తీల్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు వస్తారు. భాష తెలియకపోతే ఆశా కార్యకర్త సాయం తీసుకోవచ్చు, అది కూడా పేషెంట్ సరే అంటేనే. భర్తను, అత్తను, బడికెళ్లే పిల్లను మధ్యలో పెట్టి ఇలాంటి ప్రశ్నలు అడగొద్దు.

3. రోల్ ప్లే: సగం టైం దీనికే ఇవ్వండి

లెక్చర్ విని ఎవరూ మాట్లాడడం నేర్చుకోలేరు. ముగ్గురేసి కూర్చోబెట్టండి. ఒకరు నర్సు, ఒకరు పేషెంట్, ఒకరు చూసి రాసేవారు. పేషెంట్‌గా చేసేవారికి ఒక చీటీ ఇవ్వండి, అందులో ఏముందో నర్సుకు తెలియకూడదు. ఉదాహరణకు: "నీకు 58 ఏళ్లు. ఊరు పరకాల దగ్గర. షుగర్ గోలీల కోసం వచ్చినవ్. రెండేండ్ల సంది పత్తి దెబ్బతిన్నది. కొడుకు ఫోన్ ఎత్తుతలేడు. ఎవరికీ చెప్పలేదు. రెండుసార్లు మెల్లగ అడిగితేనే చెప్పు."

"పెద్దమ్మా, గోలీలు రోజూ వేసుకుంటున్నవా?"

"ఏసుకుంటున్న బిడ్డా."

"నిద్ర మంచిగ పడుతుందా?"

"ఏం నిద్ర బిడ్డా. పడుతది, పోతది."

ఇక్కడ చాలామంది విద్యార్థులు చేసే పని ఒకటే. "పొద్దుగాల నడువు, చాయ తగ్గించు, టెన్షన్ పెట్టుకోకు" అని సలహా మొదలుపెడతారు. అక్కడే ఆపండి. పెద్దమ్మ తలుపు కొంచెం తీసింది, మన పిల్ల తెలియకుండానే దాన్ని మూసేసింది. ఆ ఒక్క వాక్యం దగ్గరికి వెనక్కి వెళ్లి మళ్లీ చేయించండి.

"పోతది అంటే ఎట్ల పెద్దమ్మా?"

"నడిరాత్రి తెలివైతది. ఇగ పొద్దు పొడిచేదాక అప్పు ముచ్చట, పోరని ముచ్చట. గవే తిరుగుతయి."

"ఎన్ని దినాల సంది?"

మొదటి ఐదు నిమిషాలు సలహా ఇవ్వకూడదని నియమం పెట్టండి. పేషెంట్ ఆగితే నర్సు కూడా ఆగాలి. ఆ మౌనం మన విద్యార్థులకు చాలా కష్టం, ఏదో ఒకటి అనాలని నోరు తహతహలాడుతుంది. చూసి రాసే మూడో మనిషికి ఇచ్చే పని కూడా ఇదే: నర్సు ఎన్నిసార్లు మధ్యలో అడ్డుపడింది, ఎప్పుడు సలహాలోకి దిగింది, పేషెంట్ చెప్పిన ఏ మాటను వదిలేసింది.

రోల్ ప్లే మొదలుపెట్టే ముందు ఒక మాట తప్పకుండా చెప్పండి: "మీ ఇంట్లో ఇలాంటిది జరిగి ఉంటే, చేయలేననిపిస్తే, కారణం చెప్పకుండా బయటికి వెళ్లొచ్చు." మన క్లాసుల్లో కూర్చునేది ఈ ఊళ్ల ఆడపిల్లలే. మేనమామ పురుగుల మందు తాగి చనిపోయిన పిల్ల, తాగుబోతు తండ్రితో పెరిగిన పిల్ల ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. బయటికి వెళ్లిన పిల్లతో ఆ సాయంత్రం మీరే విడిగా మాట్లాడండి.

4. చావు ఆలోచన గురించి నేరుగా అడగడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం, అందరూ తప్పించుకునేదీ ఇదే. "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా మేడం?" అని ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతారు. కాదు. అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెప్తున్నాయి. చాలామందికి అడిగినందుకు గుండె బరువు దిగుతుంది.

మెట్టు మెట్టుగా అడగడం నేర్పండి, ప్రతి విద్యార్థితో బయటికి వినబడేలా అనిపించండి. "ఇన్ని కష్టాలున్నప్పుడు ఒక్కోసారి బతుకు మీద విసుగొస్తది, మీకట్ల అనిపించిందా?" తర్వాత "చచ్చిపోవాలని అనిపించిందా?" అవునంటే "ఎట్ల అని కూడా అనుకున్నరా?" తర్వాత "ఇంట్ల పురుగుల మందు ఉందా? ఏడ పెట్టిన్రు?" చివరగా "ఇంతకుముందు ఎప్పుడన్నా అట్ల చేసుకున్నరా?" క్లాసులో గొంతు వణికినా ఫర్వాలేదు. ఇక్కడ పలకని మాట ఓపీలో అసలే పలకదు.

మందు డబ్బా గురించి అడగడం ఎందుకో విడమరిచి చెప్పండి. 1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నప్పుడు చాలామంది తాగింది పొలానికి కొట్టే మందే. ఆ ఆవేశం చాలాసార్లు కొద్దిసేపటిదే, ఆ కొద్దిసేపట్లో చేతికి ఏం అందింది అన్నదాన్ని బట్టి మనిషి బతుకుతాడా లేదా తేలుతుంది. పారాక్వాట్ లాంటి గడ్డి మందుకు విరుగుడే లేదు. శ్రీలంకలో ప్రమాదకరమైన పురుగుల మందులను నిషేధించాక ఆత్మహత్యలు బాగా తగ్గాయి. కాబట్టి విద్యార్థి చేయాల్సిన పని, పేషెంట్ ఒప్పుకోలుతో ఇంట్లో ఒక మనిషితో మాట్లాడి, ఆ డబ్బాలను తాళం వేసిన చోటికో, వేరే వాళ్లింటికో ఆ రోజే తీయించడం. "జాగ్రత్తగా చూసుకోండి" అంటే సరిపోదు. ఎవరు తీస్తారు, ఎక్కడ పెడతారు, తాళం ఎవరి దగ్గర అనేదాకా అడగాలి.

ముప్పు ఎక్కువగా ఉందనిపిస్తే పేషెంట్‌ను ఒంటరిగా వదలొద్దు, బాత్రూంకు కూడా తోడు ఉండాలి. డాక్టరుకు అప్పుడే చెప్పాలి, రేపటి ఓపీకి రమ్మనకూడదు. "ఎవరికీ చెప్పకు బిడ్డా" అని అడిగితే మాట ఇవ్వొద్దు. "మీ ప్రాణం కోసం అవసరమైనంత వరకే, అవసరమైనవాళ్లకే చెప్తాను" అనాలి.

ఐసీయూ విద్యార్థులకు ఇంకో సంగతి చెప్పాలి. మందు తాగిన మనిషి స్పృహలోకి రాగానే "పిల్లల మొఖమన్నా యాదికి రాలేదా?" అని మందలించే అలవాటు వార్డుల్లో ఉంది. ప్రేమతో అన్నా సరే, అది అప్పటికే సిగ్గుతో కుంగిపోయిన మనిషిని ఇంకా కిందికి తొక్కుతుంది. ట్యూబ్ తీసి మాట్లాడగలిగాక ఒక కుర్చీ లాక్కుని కూర్చుని "ఇప్పుడు ఎట్లుంది అన్నా?" అని మొదలుపెట్టడం చూపించండి. సైకియాట్రీ డాక్టరు చూడకుండా డిశ్చార్జ్ కాకూడదు.

పోలీసు కేసు భయంతో ఇంటివాళ్లు "నీళ్లనుకొని తాగిండు" అంటారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 115 ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. ఆస్పత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) రాయడం వేరే సంగతి, అది మామూలుగా జరుగుతుంది. ఈ తేడాను ఇంటివాళ్లకు రెండు వాక్యాల్లో చెప్పడం విద్యార్థికి రావాలి.

5. కల్లు, సారా, మందు

ఉత్తర తెలంగాణలో ఈ పాఠం పుస్తకంలో ఉన్నట్టు చెప్తే చాలదు. ఇక్కడ కల్లు ఆడవాళ్లూ తాగుతారు, దాన్ని తప్పుగా చూడరు. ఆడ పేషెంట్‌ను అడగకుండా వదిలేయొద్దని చెప్పండి. ఇంకా పెద్ద సంగతి కల్తీ. కొన్ని దుకాణాల్లో కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. రోజూ తాగే మనిషికి ఒక్కసారిగా ఆగిపోతే ఫిట్స్, వణుకు, పిచ్చిగా మాట్లాడడం మొదలవుతాయి. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటి కేసులు ఒక్కసారిగా పెరిగాయి. కాబట్టి వార్డులో చేరిన ప్రతి మనిషినీ, ఏ జబ్బుతో చేరినా సరే, "కల్లు గానీ మందు గానీ అలవాటుందా, ఆఖరుసారి ఎప్పుడు తాగిన్రు?" అని అడిగి టైంతో సహా రాయించండి.

ఆ టైం ఎందుకంటే, ఎక్కువగా తాగే మనిషికి ఆఖరి గ్లాసు తర్వాత ఆరేడు గంటలకే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావొచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్యలో డెలీరియం, అంటే లేనివి కనబడడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం. ఇది ప్రాణం తీస్తుంది. కల్తీ కల్లయితే ఏ మందు కలిపారన్నదాన్ని బట్టి ఇంకా ఆలస్యంగానూ రావొచ్చు. గ్లూకోజ్ ఎక్కిస్తుంటే థయమిన్ (విటమిన్ బి1) ముందు గానీ, దానితోపాటు గానీ వెళ్లిందా అని డాక్టరుకు గుర్తుచేయడం మన విద్యార్థి పని. ఏళ్లుగా తాగే మనిషికి "ఇయ్యాల్టి నుంచే బంద్ చెయ్యి" అని చెప్పి ఇంటికి పంపడం ఎంత ప్రమాదమో కూడా ఇక్కడే చెప్పండి. మానిపించడం డాక్టరు పర్యవేక్షణలో జరగాలి.

6. గర్భిణులు, బాలింతలు

మిడ్‌వైఫరీ విద్యార్థులకు ఇది ప్రాణం. వరంగల్ సీకేఎం ప్రసూతి ఆస్పత్రిలోనో, హనుమకొండ మెటర్నిటీలోనో పోస్టింగ్‌లో ఉన్నప్పుడు మూడు పరిస్థితులను విడదీయడం నేర్పండి. కాన్పయిన మూడో నాలుగో రోజు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది, నిద్ర, తిండి, తోడు చాలు. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే డిప్రెషన్ అనుకుని ఎడిన్‌బరో స్కేల్ పది ప్రశ్నలూ అడగాలి. అందులో పదో ప్రశ్న ప్రాణం గురించి, పీహెచ్‌క్యూ తొమ్మిదో ప్రశ్నకు చెప్పిన నియమమే దానికీ. మూడోది, మొదటి రెండు వారాల్లోనే హఠాత్తుగా నిద్ర పట్టక, వింతగా మాట్లాడుతూ, బిడ్డ తనది కాదంటే అది ఎమర్జెన్సీ. ఇంటివాళ్లు గాలి సోకిందంటారు. తల్లీబిడ్డలను ఒంటరిగా వదలకుండా ఆ పూటే పంపాలి.

బాలింత తల్లిగారింటికి వెళ్లిపోతుంది, అత్తగారి ఊరి ఆశా కార్డులో పేరు మాత్రం అలాగే ఉంటుంది. డిశ్చార్జ్ రోజే "ఏ ఊర్ల ఉంటవ్?" అని అడిగి ఆ ఊరి ఆశాకు ఫోన్ చేయించండి. మళ్లీ ఆడపిల్లేనా అన్న మాట ఇంట్లో వినబడుతుందా అని కూడా మెల్లగా అడగాలి.

7. గాలి, చేతబడి, పూనకం

వాదన పెట్టుకోవద్దని చెప్పండి. దర్గాకో, దేవర దగ్గరికో వెళ్తామంటే "వెళ్లి రండి, గోలీలు మాత్రం ఆపకండి" అంటే ఆ కుటుంబం మళ్లీ మన దగ్గరికొస్తుంది. కొట్టడం, వాతలు పెట్టడం, గొలుసులతో కట్టేయడం దగ్గర మాత్రం రాజీ లేదు. గొలుసులతో కట్టేయడాన్ని చట్టం కూడా నిషేధించింది. మేడారం జాతరలో పూనకం వచ్చిన మనిషికి జబ్బు రాయకండి. అది జాతరలో వచ్చి జాతరలో పోతుంది, ఇంటికెళ్లాక పని చేసుకుంటుంది. పని, నిద్ర, తిండి చెడిపోయి రోజుల తరబడి అలాగే ఉంటే అప్పుడు ఆలోచించాలి.

8. మందుల గురించి ఎంత చెప్పాలి

సొంతంగా సైకియాట్రీ మందు మొదలుపెట్టే అధికారం మన విద్యార్థులకు లేదు, డాక్టరు రాసినదాన్ని నిలబెట్టే పని వాళ్లది. డిప్రెషన్ మందు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదట్లో కడుపులో తిప్పినట్టుంటుందని ముందే చెప్పకపోతే సగంమంది వారంలోనే ఆపేస్తారు. ఒలాన్‌జపిన్ అనే మానసిక జబ్బుల మందు వేసుకునేవాళ్లకు బరువు, షుగర్ చూస్తుండాలి. పిల్లలు పుట్టే వయసులో ఉన్న స్త్రీ వాల్‌ప్రోయేట్ అనే మందు మీద ఉంటే డాక్టరు దృష్టికి తేవాలి, కడుపులో బిడ్డ వెన్నుపూసకు, మెదడుకు హాని చేసే మందు అది.

9. పరీక్ష ఎలా పెట్టాలి

రాత పరీక్షలో మాట్లాడే నైపుణ్యం కనబడదు. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో హార్డెన్ బృందం ప్రవేశపెట్టిన ఓఎస్‌సీఈ (పని చేయించి చూసి మార్కులేసే పరీక్ష) పద్ధతిలో ఒక పది నిమిషాల స్టేషన్ పెట్టండి. పేషెంట్‌గా చేయడానికి సీనియర్ విద్యార్థినో, ఆయమ్మనో ముందే తర్ఫీదు ఇచ్చి కూర్చోబెట్టండి. మార్కులు నాలుగు విషయాలకే: నేరుగా అడిగిందా, విన్నదా, తర్వాత ఏం చేయాలో చెప్పిందా, డాక్టరుకు ఫోన్‌లో నిమిషంలో అర్థమయ్యేలా కేసు చెప్పగలిగిందా. ఆఖరిదానికి ఎక్కువ మార్కులు వేయండి. "పేషెంట్ డల్‌గా ఉంది సార్" అంటే డాక్టరు రేపు చూస్తానంటారు. "పది రోజులుగా నిద్ర లేదు, చావాలని చెప్తుంది, ఇంట్లో గడ్డి మందు ఉంది, ఒంటరిగా ఉంటుంది" అంటే ఇప్పుడే పంపమంటారు.

10. పోస్టింగ్ తర్వాత

వారానికోసారి అరగంట, మార్కులు లేకుండా, కూర్చోబెట్టి మాట్లాడించండి. ఏ కేసు మనసులో తిరుగుతుందో చెప్పనివ్వండి. అదే సమావేశంలో పంపిన రెఫరల్స్ జాబితా ముందు పెట్టుకోండి. ఎవరు చేరారు, ఎవరు మధ్యలో ఆగిపోయారు, ఎందుకు ఆగారు అన్నది విద్యార్థులతోనే ఫోన్ చేయించి రాయించండి. డాక్టరు లేని రోజు వెళ్లి తిరిగొచ్చినవాళ్లు, చార్జీలు లేక ఆగినవాళ్లు, భర్త వద్దన్నవాళ్లు అని విడివిడిగా రాస్తే మెడికల్ ఆఫీసర్ల మీటింగ్‌లో పెట్టడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. తర్వాతి బ్యాచ్ వచ్చేలోపు ఆ జాబితా చూసి జేబు కార్డు మీద మారిన రోజులు, నంబర్లు దిద్ది కొత్తగా ప్రింట్ తీయించండి.